కనుమ నాడు ప్రభల తీర్థం డ్రోన్‌తో తీయమంటున్నారు, జనం మీదుగా వెళ్ళకుండా ఎలా తీయాలి?

కొబ్బరితోట_కెమెరా అడిగారు:

అందరికీ నమస్కారమండి. మాది అమలాపురం పక్కన పల్లెటూరు. ఆరేళ్ళ నుంచి పెళ్ళిళ్ళకి వీడియో తీస్తున్నాను. మొన్న శ్రావణంలో ఒకాయన దగ్గర మడత డ్రోన్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 600 గ్రాములకి కాస్త తక్కువ, ఒకటే వైడ్ లెన్సు, 5.4కె దాకా తీస్తుంది. మూడు బ్యాటరీలు ఇచ్చారు.

హైదరాబాద్‌లో స్థిరపడిన మా ఊరివాళ్ళు కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం తీసిపెట్టమని అడిగారు. వెదుళ్ళతో ఎత్తుగా కట్టి, మధ్యలో స్వామిని నిలిపిన ప్రభల్ని భుజాల మీద మోసుకొచ్చే జాతర అది. మంచి డబ్బులే ఇస్తామన్నారు. వాళ్ళకి ముఖ్యంగా రెండు షాట్లు కావాలి. ప్రభ కౌశిక ఏరు దాటేటప్పుడు సరిగ్గా నెత్తి మీద నుంచి ఒకటి. తోటలో 11 ప్రభలూ చేరాక జనం మీద నుంచి మెల్లగా ఎగురుకుంటూ వెళ్ళేది ఇంకొకటి. ఒప్పుకుందామనే అనుకున్నాను గానీ, రెండు వారాల క్రితం జరిగింది తలుచుకుంటే చెయ్యి ఆడట్లేదు.

ఒక పెళ్ళి ఊరేగింపు తీస్తున్నాను. విడిది దగ్గర పైకి లేపాను. బ్యాండుతో పాటు నడుచుకుంటూ గుడి దాకా వచ్చేసరికి ఫోన్‌లో బొమ్మ ఆగిపోయింది, సిగ్నల్ పోయిందని చూపించింది. డ్రోన్ తనంతట తానే వెనక్కి తిరిగింది. వెనక్కి వచ్చే ఎత్తు నేనెప్పుడో 20 మీటర్లు పెట్టి మర్చిపోయాను. కొబ్బరి మట్ట కొసకి తగిలి ఊగిపోయింది, అదృష్టం బాగుండి పడలేదు. పరుగెత్తుకుంటూ వెళ్ళి చూస్తే విడిది వాకిట్లో దిగి ఉంది, చుట్టూ పిల్లలు. రెక్కలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఆ రాత్రి నిద్రపట్టలేదండి.

తీర్థంలో అంతమంది మీద అలాంటిదే జరిగితే? ఒప్పుకోమంటారా, వద్దంటారా? ఒప్పుకుంటే ఎలా తీయాలో అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

హైదరాబాద్_పైలట్:

బ్రదర్, ముందు కాగితాల సంగతి చూసుకో. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాములు దాటి 2 కిలోల లోపు ఉన్నది మైక్రో డ్రోన్. సరదాకి ఎగరేసుకునేవాళ్ళకి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, డబ్బులు తీసుకుని తీస్తే మాత్రం ఉండి తీరాలి. వయసు 18 నుంచి 65 మధ్య ఉండి, పదో తరగతి పాసై ఉంటే డీజీసీఏ (విమానయాన నియంత్రణ సంస్థ) గుర్తింపు ఉన్న సంస్థలో కోర్సు చేయొచ్చు. నేను తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీలో చేశాను. సర్టిఫికెట్ 10 ఏళ్ళు చెల్లుతుంది.

రెండోది, నీ డ్రోన్‌కి యూఐఎన్ నంబర్, అంటే రిజిస్ట్రేషన్ నంబర్ ఉందా? పాత ఓనర్ పేరు మీద ఉంటే నీ పేరుకి మార్పించుకోవాలి, బండి కొన్నాక ఆర్సీ మార్చుకున్నట్టే. అసలు నంబరే లేకపోతే దాన్ని బయటికి తీయకు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కూడా ఉండాలి. రూల్స్ తప్పితే జరిమానా లక్ష రూపాయల దాకా ఉంటుంది.

మూడోది, ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే డ్రోన్ మ్యాప్. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకు అనుమతి అడగక్కర్లేదు. ఎయిర్‌పోర్టు ప్రహరీ నుంచి 8–12 కిలోమీటర్ల మధ్యలో అయితే 200 అడుగులే. మీ వైపు దగ్గర్లో ఎయిర్‌పోర్టు లేదు కదా అని చూడకుండా వదిలెయ్యకు, ఎగరేసే రోజు పొద్దున్నే మళ్ళీ చూడు. జాతరలకి, వీఐపీలు వచ్చినప్పుడు ఎస్పీ స్థాయి అధికారి 96 గంటల వరకు తాత్కాలికంగా రెడ్ జోన్ (అనుమతి లేకుండా ఎగరేయకూడని చోటు) పెట్టొచ్చు. అందుకని గ్రీన్‌లో ఉన్నా ముందుగా పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి మాట్లాడు.

ఇంకొకటి, సంక్రాంతి కదా. మా దగ్గర ఆ మూడు రోజులూ నేను డ్రోన్ బ్యాగు తెరవను. గాలిపటాల నైలాన్ మాంజాని ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) 2017లోనే నిషేధించినా గాల్లో అది కనపడుతూనే ఉంటుంది. మోటారుకి చుట్టుకుందంటే అంతే. సెన్సర్లకి దారం కనపడదు.

గోదారిగట్టు_వీడియో:

తమ్ముడూ, పైన రాసిన కాగితాల సంగతి అక్షరాలా నిజం, అందులో ఏదీ వదలకు. నేను ఎగరేయడం గురించి రాస్తాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు. నాకు ఈ పనిలో 22 ఏళ్ళు, డ్రోన్ పట్టుకుని తొమ్మిదేళ్ళు.

నీ పెళ్ళి ఊరేగింపులో జరిగిన తప్పులు రెండు. ఒకటి నువ్వే చెప్పావు, 20 మీటర్లు. మన కొబ్బరిచెట్లు అంతెత్తు సులువుగా పెరుగుతాయి. వెనక్కి వచ్చే ఎత్తు చుట్టుపక్కల అన్నిటికంటే ఎత్తైన చెట్టు చూసుకుని, దానికి పైన ఇంకో 15 మీటర్లు కలిపి పెట్టాలి. నేను కోనసీమ వస్తే 45 పెడతాను. రెండో తప్పు నువ్వు గమనించినట్టు లేదు. నువ్వు ఎగరేసింది విడిది దగ్గర. ఊరేగింపు కదిలింది, నువ్వూ కదిలావు, హోమ్ పాయింట్, అంటే సిగ్నల్ పోతే డ్రోన్ తిరిగొచ్చి దిగే చోటు, మాత్రం విడిదిలోనే ఉండిపోయింది. అందుకే డ్రోన్ నీ దగ్గరికి రాకుండా మొత్తం ఊరేగింపు నెత్తి మీదుగా వెనక్కి పోయి, నువ్వు లేని చోట పిల్లల మధ్య దిగింది. ఊరేగింపులో ప్రతి మలుపు దగ్గరా హోమ్ పాయింట్ నువ్వు నిలబడ్డ చోటుకి మార్చుకోవాలి. ఇంకా మంచిది ఏంటంటే, ఊరేగింపుతో నడుస్తూ ఎగరేయడం మానెయ్. దారిలో రెండు ఖాళీ జాగాలు ముందే చూసి పెట్టుకుని, ఒక్కో చోట లేపి, రెండు నిమిషాలు తీసి, అక్కడే దింపు.

ఇప్పుడు నా సంగతి. 2019 మాఘంలో ఒక ఫంక్షన్ హాలు. కింద జనం ఎక్కువగా ఉన్నారని డాబా మీద నుంచి లేపాను. డాబా స్లాబులో ఇనుప ఊచలుంటాయని, వాటి మీద పెడితే దిక్సూచి తప్పు చూపిస్తుందని నాకు తెలుసు. స్క్రీన్ మీద హెచ్చరిక కూడా వచ్చింది. పెళ్ళికూతురు మండపంలోకి వచ్చేస్తోందని కింద నుంచి కేకలు. నేను ఆ హెచ్చరికని వేలితో పక్కకి తోసేసి లేపాను. పది మీటర్లు లేచాక అది ఒకచోట నిలబడలేదు. గిరగిరా వలయాలు తిరగడం మొదలుపెట్టింది, ప్రతి చుట్టుకీ వలయం పెద్దదవుతోంది. నేను ఎడమకి లాగితే ఇంకెటో పోతోంది. లైట్లు కట్టిన ఇనుప ఫ్రేముకి కొట్టుకుని భోజనాల వైపు పడింది. ఎనిమిదేళ్ళ బాబుకి రెక్క తగిలి కనుబొమ మీద చీరుకుపోయింది. మూడు కుట్లు. అర అంగుళం కిందికి తగిలి ఉంటే కన్ను.

ఆ బాబు తండ్రి నన్ను ఒక్క మాట అనలేదు. ఆసుపత్రిలో నా పక్కనే కూర్చుని, 'పోనీలెండి, కన్ను బాగుంది కదా' అన్నాడు. తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణేమో. ఆరు నెలలు డ్రోన్ ముట్టుకోలేదు. తర్వాత రూల్స్ వచ్చాక వెళ్ళి కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకున్నాను.

అప్పటి నుంచి స్టిక్కు కదిపే ముందు ప్రతిసారీ ఒకటే అడుక్కుంటాను: ఇది ఈ క్షణంలో పడిపోతే కింద ఎవరున్నారు? ఎవరో ఉన్నారు అనే జవాబు వస్తే ఆ షాట్ నాది కాదు.

లెక్క కూడా చెబుతాను. 30 మీటర్ల ఎత్తు నుంచి వస్తువు నేలకి చేరడానికి రెండున్నర సెకన్లు. గాలి అడ్డు వదిలేసి లెక్కేస్తే నేలని తాకేటప్పటికి గంటకు 87 కిలోమీటర్ల వేగం. నీది 600 గ్రాములు, అంటే అరకిలో పైన ఉన్న రాయి అనుకో. పైగా నిట్టనిలువుగా పడదు. సెకనుకి 5 మీటర్ల వేగంతో ముందుకు వెళ్తూ ఉంటే 12 మీటర్లు అవతల పడుతుంది. జనం మీదుగా వెళ్ళకపోయినా, జనం వైపు వెళ్తున్నా ప్రమాదమే అని అందుకే అంటాను. నేను పాటించేది ఇదీ: ఎంత ఎత్తులో ఉన్నానో కనీసం అంత దూరం జనానికి పక్కగా ఉండాలి, జనం వైపు ముక్కు పెట్టి వేగంగా పోకూడదు. పక్కకి జరుగుతూనో, వెనక్కి తగ్గుతూనో తీయాలి.

తీర్థానికి వద్దాం. ఆ రెండు షాట్లూ వాళ్ళు అడిగినట్టు తీయకు. నెత్తి మీద షాట్ ఎలాగూ బాగుండదని కూడా నేననుకుంటాను. ప్రభ అందమంతా దాని నిలువులో ఉంది. వెదుళ్ళకి చుట్టిన రంగురంగుల నూలు, బట్టలు, మధ్యలో స్వామి ముఖం. పై నుంచి చూస్తే ఆ నిలువంతా పోయి ఒక గీత మిగులుతుంది. కౌశిక దగ్గర, దాటే చోటుకి బాగా ఎగువన, ఎండ నీ వీపు వైపు ఉండే గట్టు చూసుకుని నిలబడు. డ్రోన్‌ని నీళ్ళ మీదే ఉంచు. ప్రభ కొస కంటే కాస్త ఎత్తులో, 40 మీటర్లు దూరంగా ఆపి, ప్రభ అడ్డంగా నీళ్ళలోకి దిగి అవతలి గట్టు ఎక్కేదాకా కదలకుండా తియ్. భుజాల మీద ప్రభ ఊగడం, నీళ్ళు చిందడం, వెనక పచ్చటి చేలు, అన్నీ ఒకే ఫ్రేములోకి వస్తాయి. నీకు దూరపు లెన్సు లేదు కదా, ఫర్వాలేదు. 5.4కెలో తీసి 1080లో ఇస్తే ఎడిటింగ్‌లో రెండున్నర రెట్లు దగ్గరికి లాక్కోవచ్చు. హైదరాబాద్‌లో వాళ్ళు చూసేది ఫోన్‌లోనే, నాణ్యత చాలు.

నీళ్ళకి మరీ దగ్గరగా మాత్రం దిగకు. కింద ఉన్న సెన్సర్లు కదిలే నీటిని చూసి నేల ఎక్కడుందో తేల్చుకోలేవు. నాలుగైదు మీటర్ల పైనే ఉండు.

తోటలో 11 ప్రభల షాట్‌కి రెండు దారులు. తోట బయట చేలల్లో నుంచి లేపి, చేల మీదే వెనక్కి తగ్గుతూ పైకి వెళ్తే తోటా, ప్రభల కొసలూ, జనసముద్రమూ దూరం నుంచి కనపడతాయి. డ్రోన్ కింద వరి చేను తప్ప ఎవరూ ఉండరు. రెండోది, జనం మధ్యలో తిరిగే షాట్‌కి డ్రోన్ ఎందుకు? 20 అడుగుల పోల్ మీద చిన్న యాక్షన్ కెమెరా కట్టి నడువు. నేను రెండు జాతర్లు అలా తీశాను. క్లయింటు డ్రోనే అనుకున్నాడు, కాదని నేనే చెప్పాను.

మంచు గురించి కూడా చెప్పాలి. జనవరిలో మన చేల మీద తెల్లవారుజామున మంచు తెరలా పడి ఉంటుంది, చూడ్డానికి ప్రాణం లాగేస్తుంది. ఆ మంచులోకి పంపితే లెన్సు తడిసిపోతుంది, మోటార్లకీ మంచిది కాదు, పైగా డ్రోన్ నీ కంటికి కనపడదు. కంటికి కనపడని డ్రోన్‌ని స్క్రీన్ చూసి నడపకు. ఎండ వచ్చి మంచు విడిపోయేదాకా ఆగు. మధ్యాహ్నం నుంచి సముద్రం గాలి తిరుగుతుంది. కింద ఆకు కదలకపోయినా పైన తోస్తుంది. గాలికి వ్యతిరేకంగా వెళ్ళి, వచ్చేటప్పుడు గాలి వాలున వచ్చేలా చూసుకో. 35 శాతం చూపించగానే తిరుగు.

సెకండ్ హ్యాండ్ బ్యాటరీలు అన్నావు, నాకు అదే భయంగా ఉంది. బల్లపరుపు గాజు మీద పెట్టి చూడు, పొట్ట ఉబ్బి అటూఇటూ ఊగిందా, దాన్ని వాడకు. యాప్‌లో ఒక్కో సెల్ వోల్టేజీ చూపిస్తుంది. ఎగిరేటప్పుడు సెల్స్ మధ్య తేడా 0.1 వోల్టు దాటుతుంటే అదీ పక్కన పెట్టు. రెక్కలు నాలుగూ కొత్తవి వెయ్. కొబ్బరి మట్ట తగిలిన రెక్కలతోనే ఇంకా ఎగరేస్తున్నావేమో, కంటికి కనపడని నెర్రె కూడా చాలు. ఈ రోజే మార్చు.

షటర్ సంగతి అడగలేదు గానీ చెప్పేస్తాను. సెకనుకి 25 ఫ్రేములకి షటర్ 1/50 పెట్టి, వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ మిట్టమధ్యాహ్నం ఎండలో 64, పొద్దు వాలాక 16 వేసుకో. లేకపోతే జనం కదలిక టకటకా కొట్టుకుంటుంది.

కొబ్బరితోట_కెమెరా:

అన్నా, రెండుసార్లు చదివాను. ఆ బాబు సంగతి చదివాక కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. రెక్కలు మార్చలేదు, నిజమే. ఇప్పుడే ఆర్డర్ పెట్టాను. బ్యాటరీలు మా ఇంట్లో టీపాయ్ అద్దం మీద పెట్టి చూశాను. ఒకటి ఊగుతోంది.

యూఐఎన్ పాత ఓనర్ పేరు మీదే ఉందట, మార్పిస్తానన్నాడు. నాకు సర్టిఫికెట్ మాత్రం లేదు. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదని ఊరుకున్నాను. హైదరాబాద్ అన్నకి కూడా థాంక్స్.

కౌశిక_గట్టు:

నేను కెమెరా మనిషిని కాదండి. మాది గంగలకుర్రు. మా నాన్న ప్రభ మోశారు, నేను పదిహేనేళ్ళు మోశాను, ఇప్పుడు మా అబ్బాయి మోస్తున్నాడు. ఎవరో ఈ చర్చ పంపితే చదివి, ఒక మాట చెప్పాలనిపించింది.

కౌశికలో దిగినప్పుడు ముందు వాడి అడుగు ఎక్కడ పడితే వెనక వాడి అడుగు అక్కడ పడాలి. కింద బురద, భుజం మీద బరువు. 'శరభ శరభ' అని అందరం ఒక ఊపులో అంటే ఆ ఊపుకే కాళ్ళు కదులుతాయి. నెత్తి మీద తుమ్మెదలా రొద చేస్తూ ఏదైనా వచ్చిందనుకోండి, కుర్రాళ్ళు తల ఎత్తి చూస్తారు. భుజాన ప్రభ ఉన్నవాడు తల ఎత్తితే కాలు తప్పుతుంది. అది పడక్కర్లేదండి, పైన ఉంటే చాలు. పక్కగా, దూరంగా తియ్యమని ఆయన రాసింది చాలా బాగుంది. అలా తీస్తే మాకు ఏ ఇబ్బందీ లేదు, సంతోషమే. మా ప్రభలు 2023లో ఢిల్లీ రిపబ్లిక్ డే శకటం మీదికి కూడా వెళ్ళాయి, లోకం చూడాలనే మాకూ ఉంటుంది.

ప్రభ దారిలో ఆ రోజు కరెంటు తీసేస్తారు. కరెంటు లేకపోయినా తీగలు అక్కడే ఉంటాయి, మరిచిపోకండి. తారాజువ్వలు కూడా కాలుస్తారు. ముందు రోజు ఒకసారి ఊళ్ళోకి వచ్చి కమిటీ పెద్దలతో మాట్లాడితే ఏ వేళకి ఎక్కడ ఏం కాలుస్తారో చెబుతారు.

గోదారిగట్టు_వీడియో:

అయ్యా, మీరు చెప్పింది నాకు ఇన్నేళ్ళలో తట్టలేదు. పడితే ఎవరి మీద పడుతుందనే నేను ఆలోచించాను గానీ, ఆ రొదకి మోసేవాళ్ళ చూపు చెదురుతుందని ఆలోచించలేదు. తమ్ముడూ, 40 మీటర్లు అన్నాను కదా, దాన్ని 60 చేసుకో. ప్రభ నీళ్ళలోకి దిగేటప్పుడు మోసేవాళ్ళకి రొద వినపడకుండా ఉండాలి. ప్రభలు రాకముందే అక్కడ సర్టిఫికెట్ ఉన్న మనిషి చేత డ్రోన్ ఎగరేయించి, నువ్వు నీళ్ళ దగ్గర నుంచి విను. చప్పుడు వినిపిస్తే ఇంకా వెనక్కి జరుపు.

సర్టిఫికెట్ లేదన్నావు కాబట్టి ఈ కనుమకి నువ్వు ఎగరేయకు. కోర్సు వారం లోపు అయిపోతుంది గానీ, పండగ హడావిడిలో పరుగు పెట్టి చేసేది కాదు. సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ ఉన్న మనిషిని పిలువు, నువ్వు ఫ్రేము చూడు, పోల్ కెమెరా నువ్వు పట్టు. ఎవరూ దొరక్కపోతే నాకు ఇక్కడే మెసేజ్ పెట్టు. భోగి, సంక్రాంతి ఇంట్లో ఉంటాను, కనుమ పొద్దున్నే రాగలను. డబ్బు గురించి ఆలోచించకు, నాకు ఆ ప్రభలు కౌశిక దాటడం కళ్ళారా చూడాలని ఎప్పటి నుంచో ఉంది.

కొబ్బరితోట_కెమెరా:

అన్నా, తప్పకుండా రండి. హైదరాబాద్ వాళ్ళకి ఇందాకే ఫోన్ చేసి చెప్పాను, నెత్తి మీద షాట్ ఉండదని. పెద్దాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. కౌశిక_గట్టు గారు రాసింది చదివి వినిపించాను. ఆయన కూడా కుర్రతనంలో ప్రభ మోశాడట, నాకు తెలీదు. 'బాబూ, దూరం నుంచే తియ్యండి, మోసేవాళ్ళ ముఖాలు కనపడితే చాలు' అన్నాడు.

రేపు అంబాజీపేట పోలీస్ స్టేషన్‌కి వెళ్తున్నాను. అక్కడి నుంచి గంగలకుర్రు. కమిటీ వాళ్ళతో మాట్లాడి, డ్రోన్ లేపడానికి ఖాళీ కళ్ళం ఏదైనా ఉందేమో చూసి, ఫోటోలు ఇక్కడ పెడతాను.